ఈగ లేనప్పుడు వెలిగే దీపం

మా ఒత్తొరీనోకి లేని చప్పుళ్లు వినిపిస్తాయి. ఉన్న చప్పుళ్లు ఎవరికైనా వినిపిస్తాయి, వాటికి తనలాంటి వాడు ఎందుకని ఆయన ఉద్దేశం. ఈగ రెక్క విదిలిస్తే చాలు, చెయ్యి పైకెత్తి "ఆగండి" అంటాడు. ఆ ఈగ ఎక్కడో పాదువా పట్నంలో ఉన్నా, మేం ఇక్కడ ఇటలీ సముద్రం ఒడ్డున కియోజాలో ఉన్నా ఆయనకి తేడా లేదు. ఈగ వెళ్లిపోయిందని ఆయనే చెప్పాలి. అందాకా పాట ఆగాలి, మాట ఆగాలి, వీలైతే ఊపిరి కూడా ఆగాలి.

ఆయనకి ఆ ఈగ పేరే వచ్చేసింది. మా ఊళ్లో చేపలు పట్టే కుటుంబాల్లో సగం మంది బోస్కొలోలు, మిగతా సగం తియోత్సోలు. పేర్లు కూడా తాతల పేర్లే తిప్పి తిప్పి పెట్టుకుంటాం. వీధిలో నిలబడి "బోస్కొలో మారియో" అని పిలిస్తే పడవల్లోంచి, కిటికీల్లోంచి, మంగలి కుర్చీలోంచి తలలు లేస్తాయి. అందుకని ప్రతి కుటుంబానికీ ఒక అడ్డపేరు ఉంటుంది. అది ఎగతాళికి పెట్టింది కాదు, మునిసిపాలిటీ వాళ్లు కూడా కాగితాల మీద అలాగే రాస్తారు. నేను తియోత్సో ఒర్నెల్లాని, మా వాళ్ల అడ్డపేరు ఉప్పు. ఒత్తొరీనో కూడా తియోత్సోనే. వాళ్లకి తాతల నాటి మర్యాదైన అడ్డపేరు ఒకటి ఉండేది. ఈయన చెవుల పుణ్యమా అని అది పోయి మోస్కా వచ్చింది. మోస్కా అంటే ఈగే.

అది వచ్చింది ఆయన పెళ్లిలో. పీటల మీద, అంటే మా లెక్కన ఫాదర్ ముందు, ఇద్దరూ నిలబడ్డారు. ఒత్తొరీనో తన మాట చెప్పేశాడు. ఫాదర్ పెళ్లికూతురు ఇర్మా వైపు తిరిగి "ఇతన్ని భర్తగా స్వీకరిస్తావా" అని అడిగాడు. ఇర్మాకి ఆ రోజు కంగారుతో ఎక్కిళ్లు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె నోరు తెరిచేలోపు ఒత్తొరీనో చెయ్యెత్తి, "ఒక్క క్షణం ఆగండి ఫాదర్, ఈగ" అన్నాడు. చర్చి నిండా జనం. ఎవరికీ ఈగ కనపడలేదు. ఆయన కళ్లు మూసుకుని పైకప్పు వైపు చెవి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత "వెళ్లింది, ఇప్పుడు కానివ్వండి" అన్నాడు. ఇర్మా స్పష్టంగా ఒప్పుకుంది. పెళ్లిభోజనంలో వేయించిన పీతల కంటే ఆ ఈగ గురించే ఎక్కువ చెప్పుకున్నాం.

ఆయన పని రికార్డింగు. చాలాకాలం పట్నంలో రేడియోలో పనిచేసి, టేపు మిషన్లు, మైకులు, పెట్టెడు వైర్లు పట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. నేను చెప్పేది టేపుని బ్లేడుతో కోసి అతికించే రోజుల మాట. వీధిలోకి వస్తే రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుంటాడు. ఎందుకయ్యా అంటే, "ఊరికే వాడితే అరిగిపోతాయమ్మా" అంటాడు. చేపల మార్కెట్లో నా దగ్గర బేరం కూడా వేళ్లతోనే ఆడతాడు. నేను ఎంత అరిచినా ఆయన వేళ్లే గెలుస్తాయి.

ఇక మా కీర్తనల సంగతి. మూడొందల ఏళ్ల పైమాట. మా చర్చిలో పాట నేర్పే దోన్ ఫియోరెన్సో అనే ఫాదర్ సాయంకాల ప్రార్థన కోసం కొన్ని కీర్తనలు కట్టాడు. చర్చిలో ఎదురెదురుగా రెండు మేడలు ఉంటాయి. కుడి మేడ వాళ్లు ఒక మాట అందుకుంటే ఎడమ మేడ వాళ్లు దానికి జవాబు పాడతారు. అక్కడ ఆపితే ఇక్కడ, ఇక్కడ తగ్గితే అక్కడ. చేపల వేలంలో మేం చేసేదీ అదే, కాకపోతే అక్కడ దేవుడి పేరు తిట్లలో వస్తుంది. ఈ కీర్తనలు తండ్రి నించి కొడుక్కి, తల్లి నించి కూతురికి వస్తూ ఉన్నాయి తప్ప ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఆ ఏడు చేద్దాం అనుకున్నాం. పెద్ద నల్ల రికార్డు, దానికి అట్ట కవరు, కవరు వెనక పాడినవాళ్లందరి పేర్లు.

పాడించడానికి పాదువా నించి మాయెస్త్రో గాస్పరీనీ వచ్చాడు. సన్నగా, శుభ్రంగా ఉంటాడు. పాట మీద ప్రాణం పెట్టే మనిషి, కాదనను. మొదటి రోజే కింద నిలబడి ఒక మాట చెప్పాడు. పాట చెడగొట్టిన వాళ్లు మేడ దిగి కింద బల్ల మీద కూర్చోవాలి, వాళ్ల పేరు కవరు మీద రాదు. మేడల మీద ఉన్నవాళ్లం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

అందరికంటే ఎక్కువ భయపడింది ఎజీదియో బాబాయి. పూర్తి పేరు బోస్కొలో ఎజీదియో, అడ్డపేరు బిసాతో. బిసాతో అంటే మలుగు చేప. డెబ్బై దాటినవాడు. జీవితమంతా మరబోట్ల ఇంజన్ గదిలో గడిపాడు. ఎడమ మేడ మీద బేస్, అంటే అన్నిటికంటే అడుగున ఉండే గొంతు, ఆయనది. వాళ్ల నాన్న నిలబడ్డ చోటే ఈయనా నిలబడతాడు, కటకటాల మీద ఆ కుటుంబం మోచేతులు ఆనించి ఆనించి చెక్క గుంట పడింది. ఆయనకి ఉన్నది ఒక్క కోరిక. కవరు మీద పేరు పడాలి, అదీ బిసాతోతో సహా పడాలి. ఎందుకంటే మా ఊళ్లో బోస్కొలో ఎజీదియోలు చాలామంది. వాళ్లలో పేరున్నవాడు పెద్దవీధిలో ఐస్‌క్రీమ్ అమ్ముతాడు.

"అడ్డపేరు లేకపోతే నా గొంతు పోయి ఆ ఐస్‌క్రీమోడి ఖాతాలో పడుతుందే ఒర్నెల్లా. వాడు మెడలో గంట కట్టినా శ్రుతిలో మోగడు," అన్నాడు బాబాయి నాతో.

రికార్డింగు మధ్యాహ్న భోజనాల తర్వాత పెట్టారు. అప్పుడు ఊరంతా కిటికీ తలుపులు మూసుకుని నిద్రపోతుంది, కాలవలో నీళ్లు కూడా కునుకు తీస్తాయి. ఒత్తొరీనో చర్చి వెనక గదిలో మిషన్ల ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి కీర్తన ఎత్తుకున్నాం. ఎడమ మేడ మీద టెనర్లు, అంటే హెచ్చు గొంతు మగవాళ్లు, పైకి ఎక్కే చోటు రాగానే ఆయన బయటికి వచ్చి చెయ్యెత్తాడు.

"పొలెంటా," అన్నాడు.

మాయెస్త్రోకి అర్థం కాలేదు. కాలవ అవతల దెల్ఫీనా పిన్ని ఇంట్లో మొక్కజొన్న సంకటి కుతకుతమంటోందట. తెడ్డు గిన్నెకి తగులుతోందట. ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. ఊరిని నోరు మూయించే పని వస్తే అందరూ నా వైపే చూస్తారు. నేను కాలవ దాటి వెళ్లాను. దెల్ఫీనా పిన్ని నిజంగానే తెడ్డు పట్టుకుని ఉంది.

"సంకటి చప్పుడు పాటలోకి వస్తోందట పిన్నీ."

"మరి నా సంకటిలోకి మీ పాట వస్తోంది, నేనేమన్నా అన్నానా?"

అయినా దేవుడి పని అని పొయ్యి ఆపింది. ఆ రాత్రి వాళ్లాయన గడ్డలు కట్టిన సంకటి తిని ఒత్తొరీనోని పేరు పెట్టి తిట్టాడని తర్వాత తెలిసింది. మేం మాత్రం ఆ చోటు మళ్లీ పాడాం, ఈసారి సాఫీగా వెళ్లిపోయింది.

రెండో కీర్తనలో పావురం వచ్చింది. అందులో ఒకచోట మా కుడి మేడ ఆడవాళ్లు మాత్రమే పాడతారు. అక్కడ ముందుండి నడిపించేది నేనే. నా చెవి సంగతి ఊరందరికీ తెలుసు, చేప మొప్ప చప్పుడు విని తాజాదో కాదో చెప్తాను. మేం సగం పాడామో లేదో ఒత్తొరీనో ప్రత్యక్షమయ్యాడు.

"కుడి మేడ మీద పావురం ఉంది. శ్రుతికి వెంట్రుకవాసి తగ్గి కూస్తోంది."

వెతికాం. పావురం లేదు. మళ్లీ పాడాం. మళ్లీ పావురం. చివరికి ఆయన చాలా మర్యాదగా, "సియోరా ఒర్నెల్లా, దానికి మీరంటేనే భయం. కాస్త చీపురు పట్టుకుని పైకప్పు మెట్ల దగ్గర కాపలా ఉంటారా?" అని అడిగాడు. నిజమే కదా అనిపించింది. వెళ్లి నిలబడ్డాను. కింద మా వాళ్లు ఆగకుండా పాడేశారు, అందరూ బాగుందన్నారు. నేను దిగి వచ్చేసరికి ఒత్తొరీనో నాకు వంగి నమస్కారం పెట్టాడు. చీపురుతో ఒక కీర్తనని కాపాడిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటానని ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకున్నాను.

చిక్కు వచ్చింది ఆఖరి కీర్తనలో. అందులో మా కుడి మేడ ఒక మాటని మెల్లమెల్లగా తగ్గించి వదిలేస్తుంది. ఆ నాదం గోపురం కింద ఒక చుట్టు తిరిగి ఆరిపోతుంది. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత ఎడమ మేడ బేసులు అడుగునించి లేస్తాయి. ఆ నిశ్శబ్దమే ఈ కీర్తనకి ప్రాణం అని మాయెస్త్రో చెప్పాడు. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, ఎక్కణ్ణించో, "ఊఁ" అని ఒక మూలుగు వచ్చింది.

మాయెస్త్రో పాట ఆపి, బేసుల్లో ఎవరో ముందే అందుకున్నారన్నాడు. మా చర్చిలో నాదం ఎక్కడ పుట్టిందో కనిపెట్టడం కష్టం, అంతా కలిసి గోపురంలో గిలకలా తిరుగుతుంది. ఆయన వెనక గదిలోకి వెళ్లి, మైకులకి తెలియకుండా ఉండదు, ఎవరో చెప్పమని ఒత్తొరీనోని అడిగాడు. తలుపు తెరిచే ఉంది. ఒత్తొరీనో టేపు వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని విన్నాడు.

"మరబోటు," అన్నాడు. "ఇంజన్లో ఏదో వదులైంది."

నేను రేవుకి పరిగెత్తాను. వల బాగుచేసుకుంటూ ఇంజను తిప్పుతున్న ఒక బోటువాణ్ణి పట్టుకుని, మరియతల్లి మీద ఒట్టు పెట్టించి ఆపించాను. తిరిగొచ్చి పాడాం. నిశ్శబ్దం రాగానే మళ్లీ "ఊఁ". ఎడమ మేడ మీద ఎజీదియో బాబాయి మిగతావాళ్లతో పాటే కోపంగా చుట్టూ చూశాడు, ఎవడు వీడు అన్నట్టు.

"ఈసారి ఫ్రిజ్. నెరీనో బార్‌లో," అన్నాడు ఒత్తొరీనో.

మళ్లీ నేనే వెళ్లాను. నెరీనో బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. లేపి ఫ్రిజ్ ఆపమన్నాను.

"ఏ ఫ్రిజ్?"

"నీదే."

"అది ఆదివారమే కాలిపోయింది తల్లీ. ఇదిగో, బీరు సీసా పట్టుకుని చూడు. సూప్ కింద అమ్ముకుంటున్నా."

సీసా పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా బుర్ర కూడా వేడెక్కింది. అంటే ఇన్నాళ్లూ ఈ మనిషి నన్ను ఊరంతా తిప్పింది లేని చప్పుళ్ల కోసమా? ఈ సంగతి మాయెస్త్రో ముందే తేల్చేద్దామని వెనక్కి వచ్చాను. వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల మాయెస్త్రో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. నేను లేని సమయంలో ఎడమ మేడ కిందే నిలబడి ఇంకోసారి పాడించాడట, ఆ "ఊఁ" ఎవరిదో దొరికిందట.

"పాపం పెద్దవాడు, ఆయన మొహం చూసి నేను చెప్పలేను. మీ ఊరివాళ్లు, మీరే చెప్పండి. రేపు బోస్కొలో ఎజీదియోని రావద్దని చెప్పండి."

"బోస్కొలో ఎజీదియోకి చెప్పమంటారు," అన్నాడు ఒత్తొరీనో.

"అవును."

"అలాగే."

నా నోట్లోని ఫ్రిజ్ నోట్లోనే ఉండిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది. జీవితమంతా ఇంజన్ల పక్కన గడిపిన బాబాయికి చెవులు పోయాయి. ఎదుటి మేడ పాట ఎప్పుడు ఆగిందో ఆయనకి తెలియడం లేదు. మనసులో లెక్కపెట్టుకుని ఉజ్జాయింపుగా అందుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు, తెలిసినా ఎవరికీ చెప్పడు. వాళ్ల నాన్న నిలబడ్డ చోటు నించి రేపు ఆయన్ని దింపేస్తారు. అంత తేలిగ్గా "అలాగే" అన్నందుకు ఒత్తొరీనో మీద మండిపడ్డాను. మరబోట్ల మీద నెపం వేసే మనిషి ఇంకో అబద్ధం ఆడలేకపోయాడా అనిపించింది.

మర్నాడే ఆఖరి రోజు. ఆ తర్వాత చర్చిని ఊరి పండగ అలంకరణకి ఇచ్చేయాలి. నేను మేడ ఎక్కి ఎదురుగా చూస్తే ఎజీదియో బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి జుట్టు దువ్వుకుని, తన గుంటలో మోచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. మాయెస్త్రో కూడా చూశాడు. ఒత్తొరీనోని పిలిచాడు. వాళ్లు కిందే మాట్లాడుకున్నారు కానీ మా చర్చిలో గుసగుస కూడా గోపురం ఎక్కుతుంది.

"నిన్న చెప్పలేదా మీరు?"

"చెప్పాను. చాలా బాధపడ్డాడు."

"మరి అక్కడ నిలబడ్డాడు కదా."

ఒత్తొరీనో తలెత్తి చూశాడు. "ఆయన బిసాతో. మీరు బోస్కొలో ఎజీదియో అన్నారు. అడ్డపేరు లేకుండా అంటే మా ఊళ్లో ఐస్‌క్రీమ్ ఎజీదియోనే."

మాయెస్త్రో ఏదో అనబోయేలోపు చర్చి తలుపు తెరుచుకుంది. ఐస్‌క్రీమ్ ఎజీదియో సూటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. నిన్నటి నించి ఆయన పెద్దవీధిలో కనపడ్డవాళ్లందరికీ తనని క్వయర్ నించి తీసేశారని చెప్పుకుంటున్నాడు. సరాసరి మాయెస్త్రో ముందుకొచ్చాడు.

"నేను ఏం తప్పు పాడానో చెప్పండి."

"మీరు క్వయర్‌లో ఉన్నారా?"

"ఉన్నానని నిన్ననే తెలిసింది, అదీ తీసేశారని చెప్పాక. మా ఆవిడకి ఏం సమాధానం చెప్పమంటారు?"

రెండు మేడలూ పగలబడి నవ్వాయి. ఎజీదియో బాబాయికి ఏమీ వినపడలేదు. పక్కవాణ్ణి ఏమిటని అడిగితే, వాడు చెవిలో "ఐస్‌క్రీమ్" అని అరిచాడు. బాబాయి తలూపి, "పాట అయ్యాక తిందాం," అన్నాడు.

మాయెస్త్రో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే, లేకపోతే అప్పుడే వేలు చూపించి దింపేసేవాడు. అలా చెయ్యలేదు. ఒక్కసారి పాడిద్దాం, ఆ చప్పుడు మళ్లీ వస్తే మాత్రం ఇక తప్పదు అన్నాడు. ఐస్‌క్రీమ్ ఎజీదియోని బల్ల మీద కూర్చోబెట్టాడు. పాట చెడగొట్టినవాళ్ల కోసం పెట్టిన బల్ల మీద ఆఖరికి కూర్చున్నది ఆయనొక్కడే.

ఒత్తొరీనో కొంచెం ఆగమని, వెనక గదిలోకి వెళ్లి ఒక ఎర్ర బల్బు, పొడుగాటి వైరు పట్టుకొచ్చాడు. ఎడమ మేడ ఎక్కి ఆ బల్బుని కటకటాలకి కట్టాడు. సరిగ్గా ఎజీదియో బాబాయి ముక్కుకి ఎదురుగా కట్టాడు. వైరు రెండో కొస, స్విచ్చుతో సహా, వెనక గదిలో ఆయన మిషన్ల పక్కనే ఉంది. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఇది ఈగ దీపం. చర్చిలో ఈగ ఎగురుతున్నంతసేపూ వెలగదు. ఈగ వాలగానే వెలుగుతుంది. ఎడమ మేడ వాళ్లు ఇది వెలిగాకే నోరు తెరవాలి. ముందే తెరిస్తే ఈగ టేపులోకి వచ్చేస్తుంది."

టెనర్లలో ఒకడు దోమలకి కూడా ఇదే పనిచేస్తుందా అని అడిగాడు. దోమకి వేరే దీపం అని ఒత్తొరీనో నవ్వకుండా చెప్పాడు. తర్వాత బాబాయి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"పెద్దాయనా, ముందు నిలబడ్డది మీరు కాబట్టి దీపం బాధ్యత మీదే. మీరు అందుకుంటే మిగతావాళ్లు మీ వెనక వస్తారు."

బాబాయి బల్బుని ఎగాదిగా చూశాడు. "దీపం చూసి రేవులోకి రావడం నాకు నేర్పుతావా," అన్నాడు.

పాట ఎత్తుకున్నాం. ఆఖరి మాటని మెల్లగా తగ్గించి వదిలేశాం. అది గోపురం కింద ఒక చుట్టు తిరిగింది. నా వంతు పాట అయిన దగ్గర్నించీ నేను ఎజీదియో బాబాయి మూతినే చూస్తున్నాను. కళ్లు బల్బు మీద పెట్టి, పొగమంచులో పడవ నడిపేవాడిలా కదలకుండా ఉన్నాడు. నాదం సన్నగిల్లింది. ఆరిపోయింది. నిశ్శబ్దం వచ్చింది, ఖాళీగా, శుభ్రంగా. దీపం వెలిగింది. అప్పుడు అడుగునించి ఆ గొంతు లేచింది, దాని వెనక మిగతా బేసులన్నీ లేచాయి. చిన్నప్పట్నించీ వింటున్న గొంతే. కానీ దాని చోట దాన్ని విని చాలా ఏళ్లయిందని నాకు అప్పుడే తెలిసింది. కళ్లు చెమ్మగిల్లాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

పాట అయ్యాక ఎవరూ కదల్లేదు. మాయెస్త్రో కూడా వెనక గది తలుపు వైపే చూస్తున్నాడు. ఒత్తొరీనో బయటికి వచ్చి చెవి పైకి పెట్టి కాసేపు విన్నాడు.

"ఈగ లేదు," అన్నాడు.

క్రిస్మస్ ముందు రికార్డు వచ్చింది. కవరు వెనక "బోస్కొలో ఎజీదియో, బిసాతో" అని ఉంది. బాబాయికి ఆ రికార్డు సరిగ్గా వినపడదు, అందుకని చదువుకుంటాడు. రోజూ మార్కెట్‌కి తెచ్చి నా చేపల బల్ల మీద తిరగేసి పెట్టి, వచ్చినవాళ్ల చేత ఆ ఒక్క వరుస చదివిస్తాడు. ఐస్‌క్రీమ్ ఎజీదియో కూడా ఒకటి కొని కొట్టు అద్దంలో పెట్టాడు. కింద "ఇందులో నేను పాడలేదు" అని రాయించాడు. వ్యాపారం పెరిగిందట.

నేను ఒక సాయంత్రం ఒత్తొరీనో ఇంటికి వెళ్లాను. ఇర్మా కాఫీ ఇచ్చింది. నెరీనో ఫ్రిజ్ ఆ వేళకే కాలిపోయి ఉందన్న సంగతి కడుపులో అట్టే పెట్టుకోలేక బయటపెట్టాను. కాలిపోయిన ఫ్రిజ్‌కి కూడా ఒక చప్పుడు ఉంటుందన్నాడు ఒత్తొరీనో. బోటు ఇంజను నేనే ఆపించాను కదా, మరి ఆ తర్వాత వచ్చిందేమిటి అని అడిగితే, దూరంగా ఇంకో బోటు అన్నాడు. మనిషి ఒప్పుకోడు.

ఇర్మా ఊరుకోలేకపోయింది. "నా పెళ్లిలో ఈగ లేదు ఒర్నెల్లా," అంది. "నాకు ఎక్కిళ్లు తగ్గేదాకా ఈయన ఈగని ఎగరేశాడు. నాకే ఏడాది తర్వాత తెలిసింది."

కడుపుబ్బ నవ్వాను. అంటే ఆ చప్పుళ్లన్నీ ఎవరో ఒకరు తప్పిన శ్రుతులన్నమాట. ఎవరి పేరూ బయటికి రాకుండా, ఈ మనిషి ఊళ్లో ఉన్న ఇంజన్ల మీదా గిన్నెల మీదా వేసేశాడు, పిచ్చివాడన్న పేరు మాత్రం తను ఉంచుకున్నాడు. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, మర్నాడు మంచి సొరకాయంత మలుగు ఊరికే ఇద్దామని కూడా అనుకున్నాను. మరి దెల్ఫీనా పిన్ని సంకటి ఏ టెనరు అని గుచ్చి గుచ్చి అడిగాను. సంకటి సంకటే అన్నాడు.

"అది సరేలే, మిగతావన్నీ ఎవరివైనా కానీ, ఆ పావురం మాత్రం నిజమే కదా," అన్నాను. "నేను చీపురు పట్టుకుని పైన నిలబడగానే పాట ఎంత బాగా వచ్చిందో."

ఒత్తొరీనో కాఫీ కప్పు కింద పెట్టాడు. జేబులోంచి దూది తీసి ఒక చెవిలో పెట్టుకున్నాడు. తర్వాత రెండో చెవిలో పెట్టుకున్నాడు.

"పావురమేనమ్మా," అన్నాడు. "చాలా మంచి పావురం."

ఇర్మాకి మళ్లీ ఎక్కిళ్లు వచ్చాయి.